కాగితం వదిలితే... కంటైనర్‌ వదిలినట్టే!

బొల్లారానికి సముద్రం లేదు. రాష్ట్రపతి నిలయం ఉంది, కంటోన్మెంటు ఉంది, నిజామాబాద్‌ వైపు వెళ్ళే లైన్లో పాత రైల్వేస్టేషనుంది. ఓడను చూడాలంటే మాత్రం మచిలీపట్నం వైపు పోయినా మూడొందల కిలోమీటర్ల పైమాటే. అయితేనేం, సముద్ర వ్యాపారంలో బాగా ఖరీదైన ప్రశ్న ఒకటి ఇలాంటి ఊళ్ళకే ఫోన్లో వస్తుంటుంది. అదీ ఏ మధ్యాహ్నం భోజనాల వేళకో!

''అన్నా, బీఎల్‌ తయారైంది. ఒరిజినల్‌ ఇయ్యాల్నా, సరెండర్‌ చెయ్యాల్నా?''

అడిగేది రవాణా ఏజెంటు ఆఫీసులో కాగితాలు చూసే కుర్రాడు. వినేది ఓ చిన్న ఎగుమతి వ్యాపారి.

''ఏది జల్దీ అయితది తమ్మీ?''

''సరెండరే అన్నా. అక్కడి పార్టీ కూడా అదే అడుగుతున్నడు.''

''అయితే అదే చెయ్యి.''

అంతే, అరనిమిషంలో తేలిపోయింది. సరుకింకా ఓడెక్కి నాలుగు రోజులు కాలేదు. డబ్బులింకా బ్యాంకులో పడలేదు. కానీ ఆ సరుకు మీద వ్యాపారికున్న పట్టు మాత్రం ఆ ఒక్క మాటతో జారిపోయింది. ఆ సంగతి చాలామందికి కొనుగోలుదారు ఫోన్‌ ఎత్తడం మానేశాకగానీ తెలియదు.

బీఎల్‌ అంటే బిల్‌ ఆఫ్‌ లేడింగ్‌. ఓడల కంపెనీ ఇచ్చే కాగితం. ఇదేమిటో అర్థం కావాలంటే ఓడరేవు దాకా పోనక్కర్లేదు, రైల్వే గూడ్స్‌ ఆఫీసు చాలు. రైల్లో సరుకు వేసినవాళ్ళకి ఆర్‌.ఆర్‌. తెలుసు. ఇక్కడ బుక్‌ చేసినప్పుడు ఇచ్చే ఆ రసీదు అక్కడ చూపించి అప్పగిస్తేనే సరుకిస్తారు. రసీదు పోతే ఇండెమ్నిటీ బాండు రాసిమ్మంటారు. 1989 నాటి రైల్వే చట్టంలోనూ ఉన్నదిదే. పాతకాలం వ్యాపారులు ఆర్‌.ఆర్‌.ను నేరుగా కొన్నవాడికి పంపేవాళ్ళు కాదు. బ్యాంకులో పెట్టేవాళ్ళు. అవతలివాడు డబ్బు కట్టి రసీదు విడిపించుకోవాలి, రసీదు చూపించి సరుకు విడిపించుకోవాలి. ముఖం తెలియని ఇద్దరు మనుషుల మధ్య ఆ కాగితమే మధ్యవర్తి.

బిల్‌ ఆఫ్‌ లేడింగ్‌ దీనికి పెద్దన్న. సరుకు ముట్టిందనడానికి అది రసీదు. ఫలానా రేవుకి చేరుస్తామనే ఒప్పందానికి సాక్ష్యం. ఈ రెండింటినీ మించి... అది సరుకు మీద హక్కు పత్రం. 'టు ఆర్డర్‌' అని రాయించిన బీఎల్‌ వెనక సంతకం పెట్టి ఇంకొకరి చేతిలో పెడితే, ఓడ నడిసముద్రంలో ఉండగానే సరుకు చేయి మారినట్టు. అందుకే బ్యాంకులు దాన్ని చూసి అప్పులిస్తాయి.

మన దేశంలో దీనికో చట్టముంది. బొల్లారంలో ఇప్పుడు రాష్ట్రపతి నిలయంగా ఉన్న భవనం 1860లో కట్టింది. అప్పట్లో బ్రిటిష్‌ రెసిడెంటు విడిది. ఆ భవనం కన్నా నాలుగేళ్ళు పెద్దది మన బిల్స్‌ ఆఫ్‌ లేడింగ్‌ చట్టం. ఈస్టిండియా కంపెనీ పాలనలో, 1856లో చేశారు. భవనం 1950లో నిజాం నుంచి భారత ప్రభుత్వం చేతికొచ్చింది. చట్టం మాత్రం నూటఅరవై తొమ్మిదేళ్ళు అలాగే ఉండిపోయింది. 2025లోగానీ పార్లమెంటు దాని స్థానంలో కొత్తది తేలేదు. కొత్త చట్టంలోనూ మూల సూత్రం పాతదే, భాషే ఈ కాలానికి తగ్గట్టు మారింది. బీఎల్‌ ఎవరి పేరున చేరిందో, సరుకుకి సంబంధించిన హక్కులూ బాధ్యతలూ వాళ్ళకే!

నాలుగు రోజుల ఓడ... పది రోజుల కాగితం

బొల్లారం వ్యాపారి ఒకాయన నిజామాబాద్‌ యార్డులో పసుపు కొమ్ములు కొని దుబాయ్‌కి ఓ కంటైనర్‌ పంపాడనుకుందాం. సరుకు విలువ ఇరవై లక్షలు. ముప్ఫై శాతం, అంటే ఆరు లక్షలు ముందే వచ్చాయి. పద్నాలుగు లక్షలు రావాలి. కంటైనర్‌ సనత్‌నగర్‌ డిపోలో కస్టమ్స్‌ తనిఖీ ముగించుకుని, ముంబయి దగ్గరి నవసేవా రేవు చేరి, ఓడెక్కింది. అన్ని ఖర్చులూ పోను ఆయనకి మిగిలేది లక్షో లక్షన్నరో. పద్నాలుగు లక్షలు మునిగితే అలాంటి పది కంటైనర్ల కష్టం మునిగినట్టు.

ఇక్కడ ఆయన ముందు మూడు దారులున్నాయి.

మొదటిది పాతదారి. ఓడ కంపెనీ మూడు ఒరిజినల్‌ బీఎల్‌లు ఇస్తుంది. మూడే ఎందుకంటే... తెరచాప ఓడల కాలంలో ఒక ఓడ మునిగితే కాగితం కూడా మునిగేది. అందుకని తలో ఓడలో తలో ప్రతీ పంపి, ఒకటి దగ్గర ఉంచుకునేవాళ్ళు. ఓడలు మారాయిగానీ మూడు ప్రతుల అలవాటు మారలేదు. మూడింటిలో ఏ ఒక్కటి చూపించి సరుకు తీసుకున్నా మిగతా రెండూ చెల్లవు. కాబట్టి మూడూ ఒకరి దగ్గరే ఉన్నాయో లేదో చూసుకోవాలి. లండన్‌లో ఓ వ్యాపార సంస్థ జమైకా చక్కెరకి సంబంధించిన మొదటి ప్రతిని బ్యాంకులో తాకట్టు పెట్టింది. రెండో ప్రతి డాక్‌ కంపెనీకి చూపించి సరుకు విడిపించుకుపోయింది. బ్యాంకు కోర్టుకెక్కింది. తాకట్టు సంగతి డాక్‌ కంపెనీకి తెలియదు కాబట్టి వాళ్ళ తప్పేం లేదని 1882లో ఇంగ్లండ్‌ ప్రభువుల సభ తేల్చేసింది. బ్యాంకు చేతిలో మిగిలింది ఓ మంచి కాగితం ముక్క.

మూడు ప్రతులూ బ్యాంకు ద్వారా దుబాయ్‌ బ్యాంకుకి వెళ్తాయి. కొనుగోలుదారు పద్నాలుగు లక్షలూ కడితేనే వాళ్ళు కాగితాలిస్తారు. పద్ధతి బాగానే ఉంది కదా! చిక్కల్లా ఏమిటంటే, నవసేవా నుంచి జెబెల్‌ అలీ రేవుకి ఓడ నాలుగైదు రోజుల్లో చేరిపోతుంది. కాగితాలు మాత్రం మన బ్యాంకు పరిశీలన, కొరియర్‌, అవతలి బ్యాంకు పరిశీలన అన్నీ దాటి వెళ్ళేసరికి పది రోజులు కావొచ్చు. రేవులో కొన్ని రోజుల దాకా అద్దె ఉండదు. ఆ తర్వాత స్థలానికి డెమరేజీ, కంటైనర్‌కి డిటెన్షన్‌... రోజురోజుకీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. కొనుగోలుదారు ఫోన్‌ చేస్తాడు, ''ఈ అద్దెలు ఎవరు కడతరు అన్నా? జర సరెండర్‌ చేయించరాదే'' అని. ఆయన అడగడంలో అన్నిసార్లూ మోసం ఉండదు. గల్ఫ్‌లో నిజామాబాద్‌, కరీంనగర్‌ వాళ్ళు ఎందరో ఉన్నారు. కొన్నవాడు మనూరివాడే కావొచ్చు, రెండు పెళ్ళిళ్ళలో కలిసి భోంచేసినవాడూ కావొచ్చు. కాదనడం కష్టం.

టెలెక్స్‌ లేని టెలెక్స్‌

రెండోదారి ఆ సరెండరే. వాడుకలో దీన్ని టెలెక్స్‌ రిలీజ్‌ అంటారు. ఎగుమతిదారు తన దగ్గరున్న మూడు ఒరిజినల్స్‌నీ ఇక్కడి ఓడ కంపెనీ ఆఫీసులో తిరిగి అప్పగించేస్తాడు. వాళ్ళు అవతలి రేవులోని తమ ఆఫీసుకి 'ఒరిజినల్‌ అడగకుండా ఫలానా వాళ్ళకి సరుకిచ్చెయ్యండి' అని కబురు పెడతారు. ఒకప్పుడు ఆ కబురు టెలెక్స్‌ యంత్రంలో టకటకమంటూ వెళ్ళేది. ఇప్పుడు వెళ్ళేది ఈమెయిల్‌. మన దేశంలో టెలిగ్రామే 2013 జులైలో ఆగిపోయింది, టెలెక్స్‌ పేరు మాత్రం ఓడల ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది. ఓడ కంపెనీ ఈ పనికి కొంత ఫీజు తీసుకుంటుంది. కొరియర్‌ ఖర్చుండదు, కాగితం పోతుందన్న భయముండదు, సరుకు ఆగదు. 2020లో కరోనా వల్ల విమానాలు ఆగి కొరియర్లు చిక్కుబడ్డప్పుడు ఈ పద్ధతే ఎందరినో ఆదుకుంది.

మరి ప్రమాదం ఎక్కడుంది? పద్ధతిలో లేదు, ముందువెనకల్లో ఉంది. డబ్బు పడ్డాక సరెండర్‌ చేస్తే ఇంతకన్నా హాయైన పద్ధతి లేదు. సరెండర్‌ చేశాక డబ్బు కోసం చూస్తే, ఇంటి తాళంచెవి ఇచ్చేసి అద్దె అడ్వాన్సు కోసం గుమ్మం ముందు నిలబడటమే.

తెలిసిన వ్యాపారులు చేసేదేమిటంటే, మూడు ఒరిజినల్స్‌నీ తీసుకుని తమ బీరువాలో పెట్టుకుంటారు. సరుకు ఓడెక్కిందని నమ్మకం కలిగేలా బీఎల్‌ స్కాన్‌ కాపీ మాత్రం కొనుగోలుదారుకి పంపుతారు. మిగతా డబ్బు తమ ఖాతాలో పడగానే ఆ ఒరిజినల్స్‌ ఓడ కంపెనీకి అప్పగిస్తారు. మామూలుగా ఒకటి రెండు పనిదినాల్లో అక్కడ సరుకు విడుదలవుతుంది. కొరియర్‌తో పనే లేదు. నాలుగు రోజుల ప్రయాణమైనా ఇబ్బంది ఉండదు. ఓడ రేవు చేరకముందే డబ్బు కట్టమని ఒప్పందంలోనే రాసుకుంటే గొడవే లేదు.

'డబ్బు ఖాతాలో పడగానే' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కొనుగోలుదారు వాట్సాప్‌లో పంపే స్విఫ్ట్‌ కాపీ డబ్బు కాదు. అది డబ్బు పంపినట్టు చెప్పే కాగితం బొమ్మ, అంతే. దాన్ని దిద్దడం కాలేజీ పిల్లలకి కూడా చేతనవుతుంది. శుక్రవారం సాయంత్రం స్విఫ్ట్‌ కాపీ పంపి, 'రేపు మాకు సెలవు, ఇవాళే సరెండర్‌ చేయించండి' అని తొందరపెట్టేవాళ్ళకి సోమవారం దాకా ఆగమని చెప్పడంలో మర్యాదకేం లోటు రాదు. బ్యాంకు మేనేజరు ఔనన్నాకే బీరువా తియ్యాలి.

మూడోదారి సీ వేబిల్‌. ఇక్కడ హక్కు పత్రమనేదే ఉండదు. పేరున్న వ్యక్తి తానేనని రుజువు చూపించి సరుకు తీసుకెళ్ళిపోతాడు, విమానంలో పంపిన సరుకులాగే. (విమానం సరుకుకిచ్చే ఎయిర్‌వే బిల్లూ హక్కు పత్రం కాదు. అందుకే జాగ్రత్తపరులు కొందరు, అవతలి బ్యాంకు ఒప్పుకుంటే, సరుకు ఆ బ్యాంకు పేరునే పంపుతారు.) బొల్లారం అనగానే చాలామందికి గుర్తొచ్చే రెండో బొల్లారం ఒకటుంది. కంటోన్మెంటు బొల్లారం కాదు, సంగారెడ్డి జిల్లాలోని మందుల ఫ్యాక్టరీల బొల్లారం. అలాంటి చోట పెద్ద కంపెనీ విదేశాల్లోని తన సొంత శాఖకే సరుకు పంపుకునేటప్పుడు వేబిల్‌ చక్కగా సరిపోతుంది. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకోవడానికి మధ్యవర్తి ఎందుకు? పదేళ్ళుగా ముందే డబ్బు పంపే పాత ఖాతాదారుకీ అంతే. వేబిల్‌ విషయంలో 1990 నాటి అంతర్జాతీయ నియమాలు ఎగుమతిదారుకి ఓ వెసులుబాటు ఇచ్చాయి. ఆ నియమాలు వర్తించే వేబిల్‌ అయితే, అవతలివాడు సరుకు అడగడానికి వచ్చేలోపు అందుకునే వ్యక్తి పేరు మార్పించొచ్చు. కానీ ఓడ దిగిన పూటే వాడు రేవులో నిలబడితే ఇక మార్చేదేముంది? కొత్త పార్టీకి వేబిల్‌ మీద అప్పు సరుకు పంపడం దానం కిందే లెక్క.

సైకిళ్ళ కథ

కాగితం మన దగ్గరే ఉంచుకున్నాం, అయినా ఓడ కంపెనీ సరుకు ఇచ్చేస్తే? జరిగింది కూడా. ఇంగ్లండ్‌లోని ఓ సైకిళ్ళ కంపెనీ సింగపూర్‌ వ్యాపారికి సైకిల్‌ సామాన్లు పంపింది. డబ్బు కడితేనే కాగితాలివ్వాలని బ్యాంకుకి చెప్పింది. వ్యాపారి డబ్బు కట్టలేదు. ఇంకో బ్యాంకు చేత పూచీ పత్రం రాయించి, బీఎల్‌ లేకుండానే ఓడ కంపెనీ ఏజెంటు దగ్గర సరుకు విడిపించుకున్నాడు. సరుకు ఓడ దిగగానే తమ బాధ్యత తీరిపోతుందని బీఎల్‌లో షరతు ఉందిగా అని ఓడ కంపెనీ వాదించింది. 1959లో ప్రివీ కౌన్సిల్‌ ఆ వాదన ఒప్పుకోలేదు. బీఎల్‌ లేకుండా సరుకివ్వడమంటే తెలిసి చేసిన తప్పే, ఆ నష్టం ఓడ కంపెనీదేనంది. పూచీ రాసిన బ్యాంకు చివరికి ఆ భారం మొయ్యాల్సి వచ్చింది. ఓడల ఆఫీసుల్లో ఒరిజినల్‌ లేదంటే ఇప్పటికీ సరుకు విలువకి ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో బ్యాంకు గ్యారంటీ తెమ్మని పట్టుబట్టేది ఈ భయంతోనే.

ఈ కథలో గమనించాల్సింది సైకిళ్ళ కంపెనీ గెలవడం ఒక్కటే కాదు. ఎందుకు గెలిచిందో చూడాలి. దాని తరఫున ఒరిజినల్‌ బీఎల్‌ ఉంది కాబట్టి. ముందే సరెండర్‌ చేసి ఉంటే, ఓడ కంపెనీ 'మీరు ఇవ్వమన్నారు, ఇచ్చాం' అనేది. కోర్టుకి వెళ్ళడానికి ఏమీ మిగిలేది కాదు. ఇక మిగిలేది కొనుగోలుదారు మీద దావా, అదీ పరాయి దేశంలో, అక్కడి వకీలుతో, అక్కడి ఫీజుతో.

అలాగని ఒరిజినల్‌ దగ్గరుంటే డబ్బు వచ్చేసినట్టే అనుకోకూడదు. కాగితం సరుకును ఆపగలదు, అంతేగానీ కొనుగోలుదారు జేబులో చెయ్యి పెట్టలేదు. ధర పడిపోయిందని వాడు అసలు సరుకే వద్దంటే, పసుపు పరాయి రేవులో అద్దెలు మింగుతూ కూర్చుంటుంది. అప్పుడు ఇంకో కొనుగోలుదారుని వెతకాలి, లేదా వెనక్కి తెప్పించుకోవాలి. రెండింటికీ ఒరిజినల్స్‌ చేతిలో ఉండాల్సిందే. ముప్ఫై శాతం అడ్వాన్సు అసలు పని ఇక్కడే. వద్దంటే ఆరు లక్షలు పోతాయన్న భయం కొనుగోలుదారుకుంటుంది, రానూపోనూ రవాణా ఖర్చులకి కొంత ఆసరా వ్యాపారికుంటుంది. అడ్వాన్సు కూడా ఇవ్వని పార్టీ అయితే ఎగుమతి రుణాలకి బీమా ఇచ్చే ఈసీజీసీ ఉంది. 1957లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. పాలసీ తీసుకునేటప్పుడే కాగితాలు ఎలా విడుదల చేస్తారో వాళ్ళకి చెప్పి, ఏ షరతులున్నాయో అడిగి రాయించుకోవడం మంచిది.

ఎవరి ఏజెంటు?

ఇంతవరకు చెప్పిందంతా బీఎల్‌ ఓడ కంపెనీదే అనుకుని. చిన్న వ్యాపారుల్లో ఎక్కువమంది చేతికొచ్చేది నిజానికి అది కాదు. ఓడ కంపెనీ తన మాస్టర్‌ బీఎల్‌ని రవాణా ఏజెంటు పేరున ఇస్తుంది. ఏజెంటు తన లెటర్‌హెడ్‌ మీద హౌస్‌ బీఎల్‌ అని ఇంకోటి వ్యాపారికిస్తాడు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మూడు ఒరిజినల్స్‌, నీలం సంతకం, గుండ్రటి ముద్ర. కానీ రేవులో కంటైనర్‌ కదిలేది మాస్టర్‌ మీద. అది సరెండరో వేబిల్లో అయితే కంటైనర్‌ అవతలి ఏజెంటు చేతికి వెళ్ళిపోతుంది. ఆయన బొల్లారం బీరువాలోని హౌస్‌ బీఎల్‌ అడిగి సరుకిస్తాడా, అడక్కుండా ఇచ్చేస్తాడా అన్నది ఆయన నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది.

ఎఫ్‌ఓబీ అమ్మకాల్లో ఇది మరీ చిక్కు. సరుకు ఓడెక్కించడం వరకే మన ఖర్చు, ఓడ కిరాయి కొనుగోలుదారుది. 'కిరాయి మిగిలింది' అని వ్యాపారి సంబరపడతాడు. కిరాయి కట్టేవాడే ఏజెంటునీ ఎంచుకుంటాడని, ఆ ఏజెంటు రేపు ఎవరి మాట వింటాడో వేరే చెప్పక్కర్లేదని అప్పటికి తట్టదు. డబ్బింకా రావాల్సిన పార్టీ సొంత ఏజెంటుని పంపుతానంటే, కిరాయి మనమే కట్టి ధరలో కలుపుకుని, పేరున్న ఓడ కంపెనీ బీఎల్‌ తీసుకోవడమే మేలు. ధర నాలుగు రూపాయలు పెరిగి బేరం పోతే పోనీ.

దూరాన్ని బట్టి కూడా పద్ధతి మారాలి. విశాఖ నుంచి రొయ్యలు అమెరికా చేరడానికి నెల పైన పడుతుంది. కాగితాలు బ్యాంకుల గుండా తీరిగ్గా వెళ్ళినా ఓడకన్నా ముందే ఉంటాయి. అంత దూరం సరుకుకి ముందే సరెండర్‌ చేయమని కొనుగోలుదారు తొందరపెడుతున్నాడంటే, ఆ తొందరకి కారణం ఓడ కాదు. చెన్నై నుంచి కొలంబోకి మిర్చి పంపితే ఓడ రెండు మూడు రోజుల్లో రేవులో ఉంటుంది. అక్కడ పాత పద్ధతి పట్టుకుని కూర్చుంటే అద్దెలు కట్టలేక చావాలి.

ఈ పరుగుపందెంలో కాగితం ఎప్పటికీ ఓడిపోతూనే ఉంటుందని అందరికీ తెలుసు. అందుకే ఎలక్ట్రానిక్‌ బీఎల్‌ వస్తోంది. కంప్యూటర్లో ఒకరి దగ్గరే ఉండేలా, ఒకరి నుంచి ఇంకొకరికి క్షణంలో మారేలా. సింగపూర్‌ 2021లో, బ్రిటన్‌ 2023లో దానికి కాగితంతో సమానంగా చట్టబద్ధత ఇచ్చాయి. 2030కల్లా కాగితం బీఎల్‌లు పూర్తిగా మానేస్తామని తొమ్మిది పెద్ద ఓడ కంపెనీలు 2023లో మాటిచ్చాయి. అది వచ్చినా 'డబ్బు ముందా, విడుదల ముందా' అన్నది కంప్యూటర్‌ తేల్చదు. మీట నొక్కే వేలు వ్యాపారిదే.

అందాకా రవాణా ఏజెంటు కుర్రాడి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అతన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు, అడగాల్సింది అడుగుతున్నాడు. బుకింగ్‌ రోజునే అతనికి ఒక్క ఈమెయిల్‌ పంపి ఉంచితే చాలు. మూడు ఒరిజినల్స్‌ కావాలి, బీఎల్‌ 'టు ఆర్డర్‌' అని ఉండాలి, మా రాతపూర్వక అనుమతి లేనిదే సరెండర్‌ చేయొద్దు అని మూడు వాక్యాలు. ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు. ఈమెయిల్‌కి తారీఖుంటుంది, టైముంటుంది.

''అన్నా, ఓడ ఎల్లుండి జెబెల్‌ అలీ చేరుతది. పార్టీ సరెండర్‌ అడుగుతున్నడు.''

''పైసలు పడ్డయో లేదో బ్యాంకుల అడిగి చెప్త తమ్మీ. సోమవారం దాకా ఆగుమను.''